నాలుగు కేబుళ్లు కలిపినా కాపీ ఎందుకు వేగం అందుకోదు?

సర్వర్‌కి ఒక గిగాబిట్ పోర్టు ఉంటే ఫైల్ కాపీ సెకనుకి 112 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. గిగాబిట్ అంటే లెక్కకి 125 మెగాబైట్లు. డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా పోతుంది, వాటి మీద రాసే అడ్రసు వివరాలకీ (హెడర్లు) మిగతా ఖర్చులకీ పోగా చేతికి వచ్చేది అంతే. మరి నాలుగు పోర్టుల కార్డు కొని, నాలుగు కేబుళ్లూ నెట్‌వర్క్ స్విచ్‌లో (కంప్యూటర్లన్నింటినీ కలిపే పెట్టె) గుచ్చి, అన్నింటినీ ఒక్కటిగా కలిపితే? నాలుగింతలు రావాలి. కాపీ పెట్టి చూస్తే మళ్లీ అదే 112.

విజయనగరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో ఓనరు గారు నన్ను నిలదీసింది సరిగ్గా ఈ విషయం మీదే. "ఏటండీ ఇది? నాలుగు వైర్లు పెట్టాం, కార్డుకి డబ్బులు పోశాం, కాపీ మాత్రం పాతలాగే నడుస్తోందేటి?" కార్డులో లోపం లేదు, స్విచ్ బాగానే ఉంది, సెట్టింగులూ సరిగానే ఉన్నాయి. ఈ ఏర్పాటు పనిచేసే తీరే అంత. ఇదే ఏర్పాటు ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తేడా అంతా సర్వర్‌తో ఒకేసారి ఎంతమంది మాట్లాడుతున్నారన్న దానిలో ఉంది.

ముందు ఏర్పాటు సంగతి. సర్వర్‌లోని రెండు మూడు నెట్‌వర్క్ పోర్టులను కలిపి, బయటి ప్రపంచానికి ఒకే పోర్టులా, ఒకే ఐపీ అడ్రసుతో, మామూలుగా ఒకే మ్యాక్ అడ్రసుతో (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) చూపించడాన్ని లినక్స్‌లో బాండింగ్ అంటారు. విండోస్ వాళ్లు టీమింగ్ అంటారు, సిస్కో వాళ్లు ఈథర్‌చానెల్ అంటారు, స్విచ్‌ల మెనూల్లో ఎక్కువగా లాగ్ (లింక్ అగ్రిగేషన్ గ్రూప్) అని కనిపిస్తుంది. పేర్లు ఎన్నయినా అసలు విషయం ఒకటే. ఈథర్‌చానెల్ పుట్టింది సిస్కోలో కాదు, కల్పన అనే కంపెనీలో. దాన్ని 1994లో సిస్కో కొనుక్కుంది.

లినక్స్ వైపు కథ నాసా నుంచి మొదలవుతుంది. 1994లో గొడార్డ్ స్పేస్ ఫ్లైట్ సెంటర్‌లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు పీసీలు 16 కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. అప్పటి ఈథర్‌నెట్ వేగం 10 మెగాబిట్లు. ప్రాసెసర్లు లెక్క చేసేసి డేటా కోసం గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే పరిస్థితి. అందుకని బెకర్ డ్రైవర్లు రాసి, ట్రాఫిక్‌ని ఒకటికి మించిన ఈథర్‌నెట్ లైన్ల మీద పంచాడు. ఇవాళ మనం వాడే లినక్స్ బాండింగ్ డ్రైవర్‌కి మూలం ఆయన రాసిన ఆ ప్యాచ్‌లే. ఎవరి పద్ధతి వాళ్లదిగా ఉన్న ఈ వ్యవహారానికి సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే సంస్థ ఐఈఈఈ 2000లో 802.3ఏడీ అనే ప్రమాణం తెచ్చింది. 2008లో దాన్ని 802.1ఏఎక్స్‌గా మార్చింది. లినక్స్ సెట్టింగుల్లో మాత్రం ఇప్పటికీ పాత పేరే ఉంది. ఆ పేరు చూసి ఇదేదో కాలం చెల్లినదని అనుకోకండి.

ఒక కాపీకి ఒకే కేబుల్

స్టూడియో కాపీ ఎందుకు పెరగలేదు? మొదటి కారణం కళ్లెదురుగానే ఉంటుంది, అయినా చాలామంది చూడరు. ఎడిటర్ ముందున్న పీసీకి ఉన్నది ఒక్క గిగాబిట్ పోర్టు. సర్వర్ నుంచి స్విచ్ దాకా ఎన్ని దారులు వేసినా, స్విచ్ నుంచి ఆ పీసీకి పోయే దారి ఒకటే కదా.

సరే, ఆ పీసీలో 10 గిగాబిట్ల కార్డు పెట్టారనుకుందాం. అప్పుడూ 112 దగ్గరే ఆగుతుంది. రెండో కారణం ఇక్కడుంది. బాండింగ్ మామూలుగా ఒక సంభాషణలోని ప్యాకెట్లను నాలుగు కేబుళ్ల మీదకి చీల్చదు. ఒక కనెక్షన్‌కి ఒక కేబుల్ కేటాయించి, ఆ కనెక్షన్ ఉన్నంతసేపూ అందులోంచే పంపుతుంది. కారణం వరుస. నాలుగు దారుల్లో చల్లితే ముందు బయల్దేరింది వెనక, వెనక బయల్దేరింది ముందు చేరే ప్రమాదం ఉంది. ప్యాకెట్లను వరుసగా, పోకుండా చేర్చే బాధ్యత చూసే టీసీపీ అనే పద్ధతి దీన్ని ఓర్చుకోదు. మధ్యలో ఒక ప్యాకెట్ కనిపించకపోతే అవతలి యంత్రం 'నాకు ఫలానాది రాలేదు' అని మళ్లీ మళ్లీ చెబుతుంది. ఆ కబురు మూడుసార్లు అదనంగా వస్తే పంపేవాడు అది దారిలో పోయిందని తీర్మానించి, తిరిగి పంపి, వేగం తగ్గించుకుంటాడు. నిజానికి ఏదీ పోలేదు, కాస్త ఆలస్యమైంది. దాంతో పంచిన లాభం కాస్తా పోతుంది.

రథసప్తమి నాడు అరసవల్లిలో నాలుగు క్యూలు పెడితే గంటకి ఎక్కువమందికి దర్శనం అవుతుంది. కానీ లైన్లో ఉన్న మనిషి నడక వేగం పెరగదు. చేతులు పట్టుకుని వచ్చిన కుటుంబాన్ని తలో క్యూలోకి నెడితే లోపలికెళ్లాక ఒకరినొకరు వెతుక్కోవడానికే సమయం సరిపోతుంది. అందుకే ఒక కుటుంబం ఒకే క్యూలో పోతుంది. ఇక్కడ కుటుంబం అంటే ఒక టీసీపీ కనెక్షన్.

ప్యాకెట్లను నిజంగానే వంతులవారీగా చల్లే పద్ధతి ఒకటి బాండింగ్‌లో ఉంది. అది మోడ్ 0. ఒకే కనెక్షన్‌కి ఒక పోర్టు కన్నా ఎక్కువ వేగం ఇవ్వగల మోడ్ ఇదొక్కటే కాబట్టి యూట్యూబ్ చూసి పెట్టేవాళ్లు దీని వైపే ఎగబడతారు. వరుస తప్పడాన్ని కాస్త ఓర్చుకునేలా టీసీపీ సెట్టింగు మార్చినా సరే, నాలుగు పోర్టుల మీద ఒక కనెక్షన్‌కి దక్కేది దాదాపు 2.3 పోర్టుల వేగానికి మించదని లినక్స్ కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) డాక్యుమెంటేషనే చెబుతోంది. పైగా స్విచ్‌లో దానికి తగ్గ గ్రూపు పెట్టకపోతే ఒకే మ్యాక్ అడ్రసు క్షణానికో పోర్టులో కనిపించి స్విచ్ తికమకపడుతుంది. మామూలు ఆఫీసుల్లో దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఎవరికి ఏ కేబుల్?

ఏ కనెక్షన్‌కి ఏ కేబుల్ అన్నది ఎలా తేలుతుంది? ఖాళీగా ఉన్న కేబుల్ చూసి ఇస్తుందని చాలామంది నమ్మకం. సర్వర్లలో ఎక్కువగా పెట్టే మోడ్ 4లో అలాంటిదేమీ లేదు. ప్యాకెట్ మీదున్న అడ్రసులను తీసుకుని చిన్న లెక్క వేస్తుంది, దాన్ని హ్యాష్ అంటారు. ఆ లెక్కని కేబుళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషమే కేబుల్ నంబరు. ఆ కేబుల్ అప్పటికే నిండిపోయి, పక్కది ఖాళీగా ఉన్నా లెక్క మారదు.

లెక్కలోకి ఏ అడ్రసులు తీసుకోవాలన్నది మన చేతిలో ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే లినక్స్ లేయర్ 2 పద్ధతి వాడుతుంది, అంటే మ్యాక్ అడ్రసులు మాత్రమే. కాలేజీల్లో దెబ్బ తగిలేది ఇక్కడే. సర్వర్ ఒక బ్లాకులో, ల్యాబులు వేరే బ్లాకులో, వేరే వీల్యాన్‌లో (స్విచ్‌లోనే విడదీసిన వేరే నెట్‌వర్క్) ఉంటాయి. అప్పుడు ట్రాఫిక్ అంతా రూటర్ మీదుగా పోతుంది. సర్వర్ దృష్టిలో ల్యాబులోని ప్రతి పీసీకీ పోయే ప్యాకెట్ మీద ఉండే గమ్యం మ్యాక్ ఒకటే, రూటర్‌ది. లెక్కలోకి వెళ్లేవి అవే రెండు అంకెలు, వచ్చేదీ అదే జవాబు. నాలుగు కేబుళ్లలో ఒకటి నిండిపోయి ఉంటుంది, మూడు ఖాళీగా మిణుకుమిణుకుమంటుంటాయి. శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో ఆన్‌లైన్ పరీక్ష రోజున సరిగ్గా ఇదే జరిగింది. పిల్లలకి ప్రశ్నలు తెరుచుకోవడం లేదు, అందరికీ టెన్షన్. హ్యాష్ పద్ధతిని లేయర్ 3+4కి, అంటే ఐపీ అడ్రసులూ పోర్టు నంబర్లూ (కేబుల్ గుచ్చే పోర్టు కాదు, ఒక్కో కనెక్షన్‌కి సాఫ్ట్‌వేర్ ఇచ్చే నంబరు) కలిపి చూసేదానికి మార్చగానే నాలుగు కేబుళ్ల మీదా ట్రాఫిక్ కనిపించింది. కొత్త వస్తువు ఒక్కటీ కొనలేదు.

ల్యాబు లాంటి చోట ఈ లెక్క ఎందుకు కుదురుతుందంటే సంఖ్యాబలం వల్ల. 60 పీసీలు రెండు కేబుళ్ల మీద పడితే అటు 28, ఇటు 32 అలా వస్తాయి. ఎవరికీ తేడా తెలియదు. స్టూడియోలో ఉన్నది నలుగురు ఎడిటర్లు, నాలుగు కేబుళ్లు. నలుగురికీ తలో కేబుల్ దొరుకుతుందా? ఒక్కొక్కరికీ నాలుగు అవకాశాలు, మొత్తం 256 రకాలుగా పడవచ్చు. అందులో నలుగురికీ వేర్వేరు కేబుళ్లు వచ్చేవి 24 మాత్రమే. పదింట ఒకటి కూడా కాదు. మిగతా అన్ని సందర్భాల్లోనూ ఏదో ఒక కేబుల్ మీద కనీసం ఇద్దరు పడతారు, ఇంకో కేబుల్ ఊరికే ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. మ్యాక్, ఐపీ అడ్రసుల మీద లెక్కవేసే లేయర్ 2+3 పద్ధతి పెట్టుకుంటే, ఒక కేబుల్ మీద పడిన ఆ ఇద్దరూ ఎప్పటికీ ఒకే కేబుల్ మీద ఉంటారు. అడ్రసులు మారవు కదా. 'ఆ మూలనున్న రెండు సిస్టమ్‌లూ ఎప్పుడూ స్లోనే' అని స్టూడియోలో అనుకుంటూ ఉంటారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, ర్యామ్ మారుస్తారు. ఒక పీసీకి ఐపీ అడ్రసులో చివరి అంకె మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. లేయర్ 3+4లో కనెక్షన్ తెగి మళ్లీ కలిసినప్పుడల్లా పోర్టు నంబరు మారుతుంది కాబట్టి అదృష్టం కూడా మారుతూ ఉంటుంది.

లేయర్ 3+4కి చిన్న లోపం లేకపోలేదు. పెద్ద ప్యాకెట్ ముక్కలై పోతే ఆ ముక్కల లెక్కలోకి పోర్టు నంబరు రాదు. అందుకని ఒకే సంభాషణలో మామూలు ప్యాకెట్లు ఒక దారిన, ముక్కలైనవి ఇంకో దారిన పోయి వరుస తప్పే వీలుంది. ఈ కారణంగానే అది ప్రమాణానికి పూర్తిగా లోబడదని డాక్యుమెంటేషన్‌లో రాసి పెట్టారు. టీసీపీ ట్రాఫిక్ ముక్కలయ్యేది చాలా అరుదు, కాబట్టి నేను నిశ్చింతగానే పెడతాను. లినక్స్ బయటికి కనెక్షన్ తెరిచేటప్పుడు ఎక్కువగా సరి సంఖ్య పోర్టు నంబర్లనే ఎంచుకుంటుంది. అన్నీ సరి సంఖ్యలైతే రెండు కేబుళ్ల మీద పంపకం ఒకవైపే మొగ్గుతుంది. బాండింగ్ డ్రైవర్ రాసేవాళ్లు ఇది గమనించి, ఈ పద్ధతిలో లెక్క చివరి బిట్‌ని వదిలేసేలా మార్చారు. ఇలాంటి చిన్న విషయాల దగ్గర కూడా ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి ఉంటారు.

ఇప్పటిదాకా చెప్పిందంతా సర్వర్ నుంచి బయటికి పోయే ట్రాఫిక్ సంగతి. సర్వర్‌కి వచ్చేదాన్ని ఏ కేబుల్‌లో పంపాలన్నది స్విచ్ నిర్ణయం. దాని హ్యాష్ దానిది, సర్వర్‌లో మనం ఏం మార్చినా దానికి పట్టదు. ఫైళ్లు, వెబ్ పేజీలు ఇచ్చే సర్వర్‌కి ఇది పెద్ద సమస్య కాదు. సీసీ కెమెరాల రికార్డింగ్ సర్వర్ అయితే వ్యవహారం తలకిందులు. అక్కడ బరువంతా లోపలికి వచ్చేదే. స్విచ్ పంపేవాడి మ్యాక్ చూసి మాత్రమే పంచేలా ఉండి, కెమెరాలు రూటర్ అవతల ఉంటే, మళ్లీ అంతా ఒక్క కేబుల్ మీదే. స్విచ్ మెనూలోకి వెళ్లి ఐపీ అడ్రసులు కూడా లెక్కలోకి తీసుకునేలా మార్చాలి.

ల్యాబు స్విచ్ నుంచి సర్వర్ రూము స్విచ్‌కి ఒక్క గిగాబిట్ కేబులే ఉంటే, సర్వర్ దగ్గర ఎన్ని కలిపినా దండగ. ఆ రెండు స్విచ్‌ల మధ్య కూడా కలపాలి. చెబితే ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూస్తారు, వెళ్లి చూస్తే అక్కడ ఒక్క కేబులే ఉంటుంది.

మోడ్‌లలో పనికొచ్చేవి రెండు

లినక్స్‌లో 0 నుంచి 6 దాకా ఏడు మోడ్‌లు ఉన్నాయి. నా అనుభవంలో మన ఊళ్లలో కావలసినవి 1, 4 మాత్రమే. మోడ్ 1లో ఒక కేబుల్ పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. మొదటిది పోతే రెండోది అందుకుంటుంది. వేగం పెరగదు, కానీ ఏ స్విచ్‌తోనైనా, మెనూ లేని మామూలు స్విచ్‌తోనైనా నడుస్తుంది. రెండు కేబుళ్లూ రెండు వేర్వేరు స్విచ్‌లలో పెట్టుకోవచ్చు. స్కానింగ్ సెంటర్లకి, ల్యాబు రిపోర్టుల సర్వర్లకి నేను ఇదే చెబుతాను. వాళ్లకి కావలసింది ఆగకపోవడం.

మోడ్ 4కి మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగుల మెనూ ఉన్న స్విచ్ కావాలి. సర్వర్, స్విచ్ ఎల్‌ఏసీపీ అనే భాషలో 'మనం ఈ పోర్టులన్నీ ఒక జట్టుగా వాడుకుంటున్నాం' అని ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటాయి. స్లో పద్ధతిలో 30 సెకన్లకోసారి, ఫాస్ట్‌లో సెకనుకోసారి. మూడుసార్లు కబురు అందకపోతే ఆ కేబుల్‌ని జట్టులోంచి తీసేస్తాయి, అంటే 90 సెకన్లు లేదా 3 సెకన్లు. కేబుల్ ఊడితే పోర్టు లైటు ఆరుతుంది కాబట్టి అది వెంటనే తెలిసిపోతుంది. బ్లాకుల మధ్య ఫైబర్ వేసి రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని మామూలు కేబుల్‌కి కలిపే డబ్బాలు) పెట్టిన చోట అలా కాదు. మధ్యలో ఫైబర్ తెగినా ఇటు కన్వర్టర్ లైటు వెలుగుతూనే ఉండొచ్చు. అలాంటి చోట ఫాస్ట్ పెట్టుకోండి. స్విచ్‌లో ఎల్‌ఏసీపీ లేకుండా స్టాటిక్‌గా కలిపే వీలు కూడా ఉంటుంది, కానీ ఒక వైపు కలిపి రెండో వైపు మర్చిపోతే ఎవరూ హెచ్చరించరు, సగం ప్యాకెట్లు మాయమవుతుంటాయి.

మోడ్ 5, 6 మామూలు స్విచ్‌తోనే బరువు పంచడానికి చూస్తాయి. ఐదోది బయటికి పోయేదాన్ని మాత్రమే, ఆరోది ఏఆర్‌పీ ('ఈ ఐపీ ఎవరిది, మ్యాక్ ఏంటి' అని అడిగే పద్ధతి) జవాబుల్లో ఒక్కో పీసీకి ఒక్కో మ్యాక్ చెప్పి లోపలికి వచ్చేదాన్ని కూడా పంచుతాయి. తెలివైన ఉపాయమే, కాకపోతే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఏ పీసీకి ఏ మ్యాక్ చెప్పిందో పట్టుకోవడం నరకం.

అన్నీ పెట్టాక పనిచేస్తోందా లేదా అన్నది ప్రాక్ కింద నెట్, అందులో బాండింగ్ ఫోల్డర్‌లో బాండ్0 ఫైలు తెరిస్తే తెలుస్తుంది. మోడ్ 4 అయితే అక్కడ రెండు విషయాలు చూడాలి. పార్ట్‌నర్ మ్యాక్ అడ్రసు అన్నీ సున్నాలుగా ఉంటే స్విచ్ అసలు మాట్లాడటం లేదని అర్థం. ఒక్కో కేబుల్‌కి అగ్రిగేటర్ ఐడీ అని ఉంటుంది, అది అన్నింటికీ ఒకటే ఉండాలి. ఒకదానికి వేరే నంబరు ఉందంటే ఆ కేబుల్ జట్టులో లేదు. భీమిలి నుంచి బారువ దాకా సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి కేబుల్ పిన్నులు పాడై, గిగాబిట్ లింకు 100 మెగాబిట్లకి దిగిపోతుంటుంది. మోడ్ 4లో ఒకే వేగం ఉన్నవే ఒక జట్టు కాబట్టి ఆ కేబుల్ చప్పుడు లేకుండా బయటికి పోతుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. నెలకోసారి ఈ ఫైలు చూసే అలవాటు ఉంటే బయటపడుతుంది.

నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రాంతో పరీక్షించేవాళ్లకి ఒక మాట. ఒకే పీసీ నుంచి పరీక్ష పెట్టి, 940 మెగాబిట్లే వచ్చిందని బాండింగ్ పనిచేయడం లేదని తేల్చకండి. మూడు నాలుగు పీసీల నుంచి ఒకేసారి పెట్టి, సర్వర్‌లో ఒక్కో పోర్టు లెక్క విడిగా చూడాలి.

రెండు కేబుళ్లు పెట్టాం కాబట్టి ఇక సర్వర్ ఆగదన్న ధైర్యం గురించి కూడా చెప్పాలి. రెండూ ఒకే స్విచ్‌లో, ఆ స్విచ్ ఒకే యూపీఎస్ మీద ఉంటే మీరు కాపాడుకున్నది కేబుల్‌ని మాత్రమే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఎన్ని కేబుళ్లున్నా ఏం లాభం? అంత దూరం పోనక్కర్లేదు, రోజువారీ కోతలకి ముందు పోయేది స్విచ్ అడాప్టరే. రెండు స్విచ్‌ల మీద మోడ్ 4 పెట్టాలంటే ఆ రెండూ ఒకే స్విచ్‌లా నటించగలగాలి, అంటే స్విచ్‌లలో స్టాకింగ్ గానీ ఎమ్‌లాగ్ గానీ (రెండు స్విచ్‌లను ఒకటిగా నడిపే సదుపాయాలు) ఉండాలి. అంత ఖర్చు లేకుండా కావాలంటే మోడ్ 1 ఉంది.

'రెండు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు బాండింగ్ చేసేయండి' అని కూడా అడుగుతుంటారు. అది వేరే సంగతి. బాండింగ్‌లో అవతలి చివర కూడా ఒకే యంత్రం, లేదా ఒక్కటిగా నటించే యంత్రాలు ఉండాలి. రెండు కంపెనీలకి రెండు వేర్వేరు ఐపీలు, రెండు వేర్వేరు దారులు. దానికి రెండు వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టులున్న రూటర్ కావాలి, సర్వర్‌లో చేసేది కాదు.

ఇంతకీ స్టూడియోకి ఏం చేయాలి? ముందు డిస్కు చూడాలి. ఒక్క హార్డ్ డిస్కు మీదే ఫుటేజీ ఉంటే, ఇద్దరు ఎడిటర్లు వేర్వేరు పెళ్లిళ్లు తెరవగానే దాని తల అటూ ఇటూ పరుగెత్తడంతోనే సరిపోతుంది, నెట్‌వర్క్ దాకా రానే రాదు. డిస్కులు బాగుంటే, నాలుగు గిగాబిట్ పోర్టులు కలిపే బదులు సర్వర్‌కి ఒక్క 10 గిగాబిట్ల పోర్టు, అలాంటి పోర్టు ఒకటి రెండున్న స్విచ్ మేలు. హ్యాష్ లేదు, అదృష్టం లేదు, నలుగురికీ పూర్తి గిగాబిట్ అందుతుంది. ఎడిటర్ల పీసీలకి 2.5 గిగాబిట్ల కార్డులు పెడితే, గోడలో ఉన్న క్యాట్5ఈ కేబుల్ మార్చకుండానే ఒక్కో కాపీ రెండింతలు దాటుతుంది. 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం ఉద్దేశమే అది. స్విచ్ కూడా 2.5ది ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగు పోర్టుల కార్డు ఎలాగూ కొనేశారు కాబట్టి దాన్ని వాడాల్సిందే అంటే, ఎస్‌ఎంబీ మల్టీచానెల్ ఉంది. ఎస్‌ఎంబీ అంటే విండోస్‌లో నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి. విండోస్ 8, విండోస్ సర్వర్ 2012తో వచ్చిన ఎస్‌ఎంబీ 3లో ఇది భాగం, లినక్స్ వైపు అదే పని చేసే సాంబాలోనూ ఉంది. ఒకే ఫైల్ కాపీకి తానే పలు కనెక్షన్లు తెరిచి, వేర్వేరు పోర్టుల మీద పంపి, వరుస తానే సరిచూసుకుంటుంది. దీనికి బాండింగ్ అక్కర్లేదు. అసలు బాండింగ్ తీసేసి, ప్రతి పోర్టుకీ విడి ఐపీ ఇవ్వాలి. ఎడిటర్ పీసీలో కూడా రెండు పోర్టులో, ఒక వేగమైన పోర్టో ఉండాలి. స్టూడియో ఓనరు గారికి ఈ రెండు దారులూ ఖర్చుతో సహా రాసిచ్చాను. ఆయన 10 గిగాబిట్ల పోర్టు వైపే మొగ్గారు. నాలుగు పోర్టుల కార్డుని మాత్రం అమ్మనివ్వలేదు. సర్వర్‌లోనే ఉంచి, అందులో ఒక గిగాబిట్ పోర్టుని మోడ్ 1లో వెనక కాపలాగా పెట్టుకున్నాం.